గ్యారేజ్ డోర్ అడుగు లేచి ఆగిపోతోంది, పెద్ద మోటార్ వేయమంటున్నారు: వేయించాలా?

మీరు రాసిన వివరాలు ఇవి. 16×7 అడుగుల స్టీల్ సెక్షనల్ డోర్ (ప్యానెళ్లను కీళ్లతో కలిపినది), పైన రెండు టార్షన్ స్ప్రింగులు (మెలిపెట్టి బిగించేవి), తొమ్మిదేళ్ల నాటి హాఫ్ హెచ్‌పీ (అర హార్స్‌పవర్) చైన్ ఓపెనర్, అంటే డోరును లాగే మోటార్ యూనిట్. బటన్ నొక్కితే అడుగు ఎత్తు లేచి ఆగిపోతోంది. ఈ మధ్య మూసేటప్పుడు కూడా ఒక్కోసారి నేలకు తగిలి తిరిగి పైకి పోతోంది. చూసిన మెకానిక్ మోటార్ బలం చాలడం లేదని, ఎక్కువ హెచ్‌పీ ఉన్నది వేయమని చెప్పాడు. మోటార్ మార్చాలా, సొంతంగా ఏమేం చేసుకోవచ్చు, డోరే మార్చాల్సి వస్తే ఏం చూసి కొనాలి అని అడిగారు.

మోటార్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. డోర్ బరువును మోసేది మోటార్ కాదు, స్ప్రింగులు. ఇన్సులేషన్ ఉన్న 16×7 స్టీల్ డోర్ 150 నుంచి 250 పౌండ్ల దాకా తూగుతుంది. స్ప్రింగులు సరిగ్గా ఉంటే అంత డోరునూ ఒక్క చేత్తో, పది పౌండ్ల బలంతో లేపొచ్చు. ఓపెనర్ చేయాల్సిన పని ఆ పది పౌండ్లే. అందుకే హాఫ్ హెచ్‌పీ మోటార్ అంత పెద్ద డోరును ఏళ్ల తరబడి లాగగలుగుతుంది. అడుగు లేచి ఆగిందంటే బరువు ఎక్కడో మోటార్ మీద పడుతోందని అర్థం. పెద్ద మోటార్ వేస్తే అది ఆ బరువును కొన్నాళ్లు మొండిగా లాగుతుంది. ఆ లోపు పై ప్యానెల్‌లో ఓపెనర్ ఆర్మ్ (డోరును లాగే కడ్డీ) బిగించిన చోట రేకు చిరుగుతుంది, చైన్ నడిచే రెయిల్ వంగుతుంది. మనిషి అడ్డొచ్చినా వెంటనే వెనక్కి తిరగదు. నాకు అన్నిటికంటే భయం ఈ చివరిదే.

ముందు స్ప్రింగులు చూడండి. డోర్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు లోపల నిలబడి, పైనున్న షాఫ్ట్ (అడ్డ కడ్డీ) మీది రెండు స్ప్రింగులనూ టార్చ్ వేసి ఒక కొస నుంచి రెండో కొస దాకా చూడండి. చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. ఎక్కడైనా రెండు అంగుళాల ఖాళీ కనిపిస్తే ఆ స్ప్రింగ్ విరిగినట్టే. ఆ ఖాళీ ఎందుకొస్తుందంటే, బిగించేటప్పుడు ప్రతి పూర్తి చుట్టుకూ స్ప్రింగ్ పొడవు ఒక తీగ మందం చొప్పున పెరుగుతుంది. పావు అంగుళం తీగను ఏడున్నర చుట్లు బిగిస్తే దాదాపు రెండు అంగుళాలు పెరిగినట్టు. విరగ్గానే రెండు ముక్కలూ ఆ మేరకు కుంచించుకుపోతాయి. విరిగినప్పుడు తుపాకీ పేలినంత చప్పుడు వస్తుంది కానీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు విరిగితే ఎవరికీ తెలియదు. రెండిట్లో ఒకటే విరిగితే డోర్ బరువులో సగం ఓపెనర్ మీద పడుతుంది. మీ లక్షణానికి నూటికి తొంభై పాళ్లు ఇదే కారణమని నా అంచనా.

విరిగిన ఆనవాళ్లు లేకపోతే బ్యాలెన్స్ పరీక్ష చేయండి. డోర్ పూర్తిగా కిందికి దిగి ఉన్నప్పుడే ఓపెనర్ రెయిల్ నుంచి వేలాడే ఎర్ర తాడు లాగి డోరును విడదీయండి. డోర్ పైన ఉండగా ఆ తాడు లాగొద్దు. స్ప్రింగ్ తెగి ఉంటే మొత్తం బరువుతో తల మీదికి వచ్చేస్తుంది. విడదీశాక చేత్తో మూడు నాలుగు అడుగులు లేపి, చేతులు దగ్గరే ఉంచి మెల్లగా వదలండి. అక్కడే నిలబడితే స్ప్రింగులు బాగున్నాయి. కిందికి జారితే బలం తగ్గింది, పైకి పోతే టెన్షన్ ఎక్కువైంది. ఏదో ఒకే చోట పట్టేసినట్టు ఉంటే తప్పు స్ప్రింగులది కాదు. ట్రాక్ (రోలర్లు దొర్లే పట్టా) వంగిందో, రోలర్ అరిగిందో, హింజ్ (ప్యానెళ్లను కలిపే కీలు) విరిగిందో వెతకండి.

స్ప్రింగ్ ఆయుష్షు ఏళ్లలో లెక్కించరు, సైకిళ్లలో లెక్కిస్తారు. ఒకసారి తెరిచి మూస్తే ఒక సైకిల్. మామూలు స్ప్రింగులు 10,000 సైకిళ్లకు తయారవుతాయి. రోజుకు నాలుగుసార్లు వాడే ఇంట్లో అది ఏడేళ్లకు కాస్త తక్కువ. మీవీ ఓపెనర్‌తో పాటు బిగించినవే అయితే తొమ్మిదేళ్లవి, అంటే వాటి పని అవి చేసేశాయి. ఒకటే విరిగినా రెండూ కలిపి మార్పించండి. రెండోది కూడా అన్ని సైకిళ్లే తిరిగింది, ఎక్కువ కాలం ఆగదు.

కొత్త స్ప్రింగ్ తెప్పించడానికి నాలుగు వివరాలు కావాలి: తీగ మందం, లోపలి వ్యాసం, పొడవు, చుట్టిన దిశ. దిశ కుడి, ఎడమ అని రెండు రకాలు. మధ్య బ్రాకెట్‌కు చెరోవైపు చెరొక రకం ఉంటుంది. తీగ మందం ఒక్క చుట్టు కొలిచి చెప్పొద్దు. విరిగిన ముక్క మీద ఆనుకుని ఉన్న ఇరవై చుట్లు లెక్కపెట్టి టేపుతో కొలవండి. సరిగ్గా 5 అంగుళాలొస్తే 0.250 అంగుళాల తీగ, 4⅞ వస్తే 0.243, 5¼ వస్తే 0.262. టేపు మీద ఎనిమిదో వంతు అంగుళం తేడా చిన్నదనుకోకండి. స్ప్రింగ్ బలం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 0.243 ఉండాల్సిన చోట 0.250 వేస్తే పన్నెండు శాతానికి పైగా ఎక్కువ లాగుతుంది, డోర్ పైకి ఎగిరిపోతుంది. పొడవు కొలిచేటప్పుడు విరిగిన రెండు ముక్కల్లోని చుట్ల పొడవును కలిపి తీసుకోండి, కోన్‌లు (స్ప్రింగ్ కొసల్లో బిగించిన లోహపు దిమ్మెలు) లెక్కలోకి రావు. లోపలి వ్యాసం సాధారణంగా 1¾ లేదా 2 అంగుళాలు ఉంటుంది. ఆ అంకె చాలా కోన్‌ల మీద పోతపోసే ఉంటుంది.

పాత స్ప్రింగ్ అసలు ఆ డోరుకు తగినదేనా అన్న అనుమానం ఉంటే, ముఖ్యంగా తర్వాత ఎవరైనా ఇన్సులేషన్ షీట్లు అతికించినా, అద్దాలు పెట్టించినా, డోరును తూచాల్సిందే. స్ప్రింగుల టెన్షన్ పూర్తిగా తీసేశాక, డోర్ కింద మధ్యలో మనుషుల బరువు చూసే మెషీన్ పెట్టి దాని మీద దింపితే అసలు బరువు తెలుస్తుంది. ఆ అంకె, డోర్ ఎత్తు, డ్రమ్ (షాఫ్ట్ కొసన, డోరును లేపే కేబుల్ చుట్టుకునే చక్రం) మీది నంబరు చెబితే స్ప్రింగులు అమ్మేవాళ్లు సరైన జత లెక్కగట్టి ఇస్తారు. అప్పుడే 25,000 సైకిళ్ల జత అడగండి. తీగ కాస్త మందం, పొడవు కాస్త ఎక్కువ, బిగించే పని మాత్రం అదే. విప్పి బిగించే శ్రమ అంతా పడుతూ మళ్లీ 10,000 సైకిళ్లదే వేయించడంలో అర్థం లేదు.

ఇక బిగించే పని. ఇంతకుముందు ఒక్కసారి కూడా చేయకపోతే మనిషిని పిలవండని నా సలహా. అయినా పద్ధతి తెలిసి ఉండాలి, వచ్చినవాళ్లు సరిగ్గా చేస్తున్నారో లేదో మీకు అర్థమవుతుంది. కావాల్సిన ముఖ్యమైన పనిముట్లు కోన్ రంధ్రాల్లో వదులు లేకుండా కూర్చునే రెండు ఉక్కు వైండింగ్ బార్లు, సాధారణంగా అర అంగుళం వ్యాసం, 18 అంగుళాల పొడవు. స్క్రూడ్రైవర్లతో ఈ పని చేసేవాళ్లను వెంటనే ఆపండి. స్క్రూడ్రైవర్ రంధ్రంలో వదులుగా ఉంటుంది, జారిందంటే మణికట్టు, దవడ ఏదీ మిగలదు. ఓపెనర్ ప్లగ్ తీసేసి, డోర్ మూసి, ట్రాక్‌లో రోలర్ పైన క్లాంప్ బిగించాలి, టెన్షన్ వల్ల డోర్ లేవకుండా. పాత స్ప్రింగ్ విరగకుండా ఉంటే బార్ పూర్తిగా లోపలికి దోపి, బరువు చేతిలోకి తీసుకున్నాకే సెట్ స్క్రూలు (కోన్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచేవి) వదులు చేయాలి. తర్వాత పావు చుట్టు చొప్పున దించాలి. ఒక బార్ తీసేముందు రెండోది లోపల పూర్తిగా ఉండాలి. బార్లు తిరిగే దారిలో ముఖం పెట్టకుండా నిచ్చెనను పక్కకు వేసుకోవాలి.

కొత్తవి ఎక్కించాక, బిగించడానికి ముందు స్ప్రింగ్ పొడవునా సుద్దతో ఒక గీత గీయాలి. బిగించే కొద్దీ అది మెలికలు తిరుగుతుంది, ఎన్ని చుట్లు అయ్యాయో తర్వాత లెక్కపెట్టొచ్చు. కేబుళ్లు రెండు వైపులా డ్రమ్ గాడిలో కూర్చుని, సమానంగా బిగుతుగా ఉన్నాకే వైండింగ్ మొదలుపెట్టాలి. ఒకవైపు కాస్త వదులున్నా డోర్ వంకరగా లేస్తుంది. ఏడడుగుల డోరుకు నాలుగు అంగుళాల డ్రమ్ ఉంటే దాదాపు ఏడున్నర చుట్లు, అంటే ముప్పై పావు చుట్లు. ఆ లెక్క ఎలా వచ్చిందంటే, డ్రమ్ ఒక చుట్టుకు పన్నెండున్నర అంగుళాల కేబుల్ చుట్టుకుంటుంది. 84 అంగుళాలు లేవాలంటే ఆరున్నర చుట్లకు పైనే కావాలి. డోర్ పూర్తిగా పైకి వెళ్లాక కూడా కేబుల్ వదులు కాకుండా ఉండటానికి మిగతా ముప్పావు. సెట్ స్క్రూలు షాఫ్ట్‌కు తగిలాక మరో అర నుంచి ముప్పావు తిప్పు చాలు. అంతకంటే బిగిస్తే బోలు షాఫ్ట్ గుంట పడుతుంది. ఆ తర్వాత క్లాంపులు తీసి బ్యాలెన్స్ చూసి, తేడా ఉంటే రెండు స్ప్రింగులకూ సమానంగా పావు చుట్టు చొప్పున సవరించాలి.

సొంతంగా ముట్టుకోకూడనిది ఇంకొకటుంది, చాలామందికి తెలియదు. డోర్ అడుగు ప్యానెల్ రెండు మూలల్లోని బ్రాకెట్లు. కేబుల్ కింది కొస పట్టుకునేది అక్కడే. డోర్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగుల బలమంతా ఆ బ్రాకెట్ మీదే ఉంటుంది. రోలర్ మార్చుదామని దాని బోల్టులు విప్పితే అది పైకి దూసుకొస్తుంది. ఆ రెండు కింది రోలర్లు మాత్రం స్ప్రింగ్ టెన్షన్ తీసినప్పుడే మార్పించుకోండి. మిగతావన్నీ మీరే మార్చుకోవచ్చు. ఒక హింజ్ విప్పి, రోలర్ మార్చి, బిగించి, తర్వాతి హింజ్‌కు వెళ్లండి. ఒకేసారి రెండు విప్పొద్దు. హింజ్ మీద 1, 2, 3 అని అచ్చు వేసి ఉంటుంది, కింది నుంచి పైకి అంకె పెరుగుతుంది. నిలువు ట్రాక్ గోడకు కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి పై హింజ్‌లో రోలర్ ఇంకాస్త దూరంగా నిలవాలి. విరిగినదాని స్థానంలో అదే నంబరు వేయాలి, లేకపోతే ప్యానెల్ సీలుకు ఆనదు, లేదా ట్రాక్‌లో పట్టేస్తుంది. రోలర్లు బేరింగులున్న నైలాన్‌వి తీసుకోండి. చప్పుడు సగానికి సగం తగ్గేది వీటితోనే, ఓపెనర్ మార్చడంతో కాదు.

అక్కడే కేబుల్‌ను కూడా కళ్లతో చూడండి, తాకకుండా. కింది బ్రాకెట్ పైన మొదటి ఆరు అంగుళాల్లో నీళ్లు, చెమ్మ చేరి తుప్పు మొదలవుతుంది. సన్నటి పోగు ఒక్కటి తెగి ముల్లులా బయటికి పొడుచుకొచ్చినా స్ప్రింగులతో పాటే కేబుళ్లు కూడా మార్పించండి.

మూసేటప్పుడు తిరిగి పైకి పోయే సమస్యకు వేర్వేరు కారణాలుంటాయి, ఎక్కడ తిరిగిందన్నదే ఆధారం. కదలడం మొదలుపెట్టగానే తిరిగి, ఓపెనర్ లైటు మిణుకుమంటే ఫోటో సెన్సార్లు. నేల నుంచి ఆరు అంగుళాలకు మించకుండా చెరోవైపు ఉంటాయి. ఒకదాని లైటు ఆరిపోయినా, వణికినా ఎదురెదురుగా లేవన్నమాట. అద్దం తుడిచి, బ్రాకెట్ కాస్త వంచి, లైటు నిలకడగా వెలిగేదాకా సరిచేయండి. గోడ బటన్ నొక్కి పట్టుకుంటే మాత్రం పూర్తిగా మూసుకుంటోందంటే అనుమానమే లేదు, సెన్సార్ లేదా దాని తీగే. తీగ మీద పిన్ను కొట్టిన చోట తెగి ఉందేమో చూడండి. రోజూ ఒకే వేళకు ఇలా జరిగితే ఎండ నేరుగా అందుకునే సెన్సార్ మీద పడుతోంది, రెండిటినీ అటూ ఇటూ మార్చండి. సగం దారిలో ఎప్పుడూ ఒకేచోట తిరిగితే అక్కడ ఏదో పట్టేస్తోంది. మీ విషయంలో నేలకు తగిలాక తిరుగుతోంది. కింది లిమిట్ (డోర్ ఎంత కిందికి దిగి ఆగాలో ఓపెనర్‌లో పెట్టే అమరిక) అవసరం కన్నా లోతుకు ఉన్నా, బలహీనమైన స్ప్రింగుల వల్ల డోర్ బరువుగా వచ్చి నేలను గుద్దుతున్నా ఓపెనర్ దాన్ని అడ్డంకి అనుకుంటుంది. స్ప్రింగులు సరయ్యాకే లిమిట్ ముట్టుకోండి, లేకపోతే రెండుసార్లు చేయాలి.

ఫోర్స్ సెట్టింగ్ (ఎంత బలం తగిలితే ఓపెనర్ అడ్డంకి అనుకోవాలో చెప్పేది) మాత్రం పెంచి సరిపెట్టుకోవద్దు, ఎవరు చెప్పినా. అమెరికాలో 1993 నుంచి తయారైన ఇళ్ల ఓపెనర్లకు తగలగానే వెనక్కి తిరగడంతో పాటు, ఫోటో సెన్సార్ల లాంటి అడ్డంకి పసిగట్టే రెండో ఏర్పాటు కూడా తప్పనిసరి చేశారు, పిల్లలు డోర్ కింద నలిగి చనిపోయిన ఘటనల వల్లే. ఫోర్స్ పెంచడమంటే తగలగానే వెనక్కి తిరిగే ఆ మొదటి రక్షణను చేజేతులా తగ్గించడం. మరమ్మతు తర్వాత, ఆపైన నెలకోసారి, ఒకటిన్నర అంగుళం మందమున్న చెక్కను డోర్ దారిలో మధ్యన నేల మీద పడుకోబెట్టి మూయండి. తగిలిన రెండు సెకన్లలోపు వెనక్కి తిరగాలి. తిరగకపోతే సరిచేసేదాకా ఓపెనర్ వాడొద్దు.

ఓపెనర్ చెడిపోవడమూ ఉంటుంది, దాని గుర్తులు వేరు. మోటార్ తిరుగుతున్న చప్పుడు వస్తూ చైన్ కదలకపోతే, కవర్ విప్పి చూస్తే తెల్లటి ప్లాస్టిక్ పొడి రాలి ఉంటే నైలాన్ గేరు అరిగింది. గేరు కిట్ దొరుకుతుంది, మోటార్ మొత్తం మార్చక్కర్లేదు. కానీ బ్యాలెన్స్ లేని డోరును లాగడం వల్లే అది అరిగి ఉంటుంది, డోర్ సరిచేయకపోతే కొత్తదీ అంతే. ఏసీ మోటార్ గుయ్యిమంటూ తిరగకపోతే ఎక్కువగా కెపాసిటర్ (మోటార్‌ను తిరగడం మొదలుపెట్టించే భాగం) పోయిందన్నమాట. గోడ బటన్ పనిచేస్తూ రిమోట్లు ఏవీ పనిచేయకపోతే ముందు గోడ ప్యానెల్‌లో లాక్ బటన్ నొక్కి ఉందేమో చూడండి. రిమోట్ దగ్గరికొస్తేనే పనిచేస్తోంటే ఓపెనర్‌లోని ఎల్‌ఈడీ బల్బు తీసి పరీక్షించండి, కొన్ని బల్బులు ఆ రేడియో సంకేతాన్ని చెడగొడతాయి.

నిర్వహణ చాలా చిన్న పని. ఏడాదికి రెండుసార్లు స్ప్రింగుల మీద, హింజ్ కీళ్లలో, రోలర్ బేరింగుల్లో, షాఫ్ట్ చివరి బేరింగుల్లో సిలికాన్ లేదా లిథియం స్ప్రే పలచగా కొట్టి, కారేది గుడ్డతో తుడవండి. నీలం డబ్బా డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి పనికొస్తుంది కానీ లూబ్రికెంట్‌గా నిలవదు. ట్రాక్ లోపల ఏదీ పూయొద్దు, గుడ్డతో తుడిస్తే చాలు. గ్రీజు రాస్తే దుమ్ము పట్టి రోలర్ దొర్లకుండా జారుతుంది. బోల్టులు ఒకసారి బిగించండి, హింజ్ స్క్రూలు ఎక్కువ బిగిస్తే రేకులో గాడి పోతుంది.

డోరే మార్చాలనుకుంటే ముందు కొలతలు. ద్వారం పైన సీలింగ్ దాకా పన్నెండు అంగుళాలుంటే మామూలు ట్రాక్ సరిపోతుంది. అంతకు తక్కువైతే లో-హెడ్‌రూమ్ ట్రాక్ కావాలి, ఆర్డర్‌కు ముందే చెప్పాలి. రేకు గేజ్ అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది: 24 మందం, 27 పలచన. 16 అడుగుల వెడల్పుకు పై ప్యానెల్‌కు అడ్డంగా ఉక్కు స్ట్రట్ (వంగకుండా ఆపే పట్టీ) తప్పనిసరి. అది లేకుండా ఓపెనర్ ఆర్మ్ బిగిస్తే ప్యానెల్ మధ్యలో విరుగుతుంది. ఇన్సులేషన్ విషయంలో ప్రకటనలో ఇచ్చే ఆర్-విలువ (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) తరచూ ప్యానెల్ మధ్యలో కొలిచినది, మొత్తం డోరుది కాదు. ప్యానెళ్ల కీళ్లలో సీలు, కింది రబ్బరు, పక్కల రబ్బరు బాగుంటేనే ఆ అంకెకు విలువ. గ్యారేజ్ పైన గది ఉన్నా, గోడ ఇంటిని ఆనుకుని ఉన్నా రెండు రేకుల మధ్య పాలీయురేథేన్ నింపినది తీసుకోండి, గట్టిగా ఉంటుంది, చప్పుడూ తక్కువ. విడిగా ఉన్న గ్యారేజ్‌కు ఒంటి రేకు చాలు. చెక్క డోర్ అందంగా ఉంటుంది కానీ బరువు, పైగా చెమ్మకు బరువు మారి బ్యాలెన్స్ తప్పుతూ ఉంటుంది.

ఓపెనర్ కూడా అప్పుడే కొంటే, పైన పడకగది ఉంటే డీసీ మోటార్‌తో బెల్ట్ రకం తీసుకోండి, మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది. చప్పుడు పట్టించుకోని చోట చైన్ ఏ విధంగానూ తీసిపోదు. షాఫ్ట్ పక్కన గోడకు బిగించే జాక్‌షాఫ్ట్ రకం సీలింగ్ ఖాళీగా ఉంచుతుంది కానీ అది డోరును కిందికి నెట్టలేదు, కేబుల్ వదులుతుంది అంతే. టెన్షన్ ఎక్కువగా ఉన్న డోర్ దానికింద పూర్తిగా దిగక కేబుల్ వదులై డ్రమ్ మీంచి జారుతుంది, కాబట్టి దానికి బ్యాలెన్స్ మరీ కచ్చితంగా ఉండాలి. కరెంటు పోయే చోట బ్యాటరీ ఉన్న మోడల్ చూడండి. డోర్ ఎనిమిది అడుగుల ఎత్తైతే రెయిల్‌కు పొడిగింపు ముక్క విడిగా అడగాలి, పెట్టెలో వచ్చేది మామూలుగా ఏడడుగులకే.